అరణ్యంలో దారి చూపే యంత్రం

దట్టమైన అడవిలో దారి తప్పినవాడు ఎంత నడిచినా తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే వస్తాడనే మాట లోకంలో చాలకాలంగా ఉన్నది. ఇది వట్టి కట్టుకథ అని అనుకొన్నవారును ఉన్నారు. జర్మనీలో ట్యూబింగెన్ నగరంలోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన యాన్ సౌమన్, ఆయన సహచరులు ఈ మాటను పరీక్షించి, 2009లో ఫలితాలు ప్రకటించారు. ఆరుగురు మనుష్యులను చదునైన పెద్ద అడవిలో విడిచి, ఒకే దిక్కుగా కొన్ని గంటలసేపు నడవవలసినదని చెప్పారు. వారు నడిచిన మార్గమంతా వారి వద్ద ఉన్న ఉపగ్రహ గ్రాహకంలో నమోదయినది. సూర్యుడు కనిపించిన రోజున నడిచినవారు దాదాపు తిన్నగానే పోగలిగారు. మబ్బు పట్టిన రోజున నడిచిన నలుగురూ వలయాలు చుట్టారు. వారిలో ముగ్గురు తాము అంతకుముందు నడిచిన దారినే మళ్లీ మళ్లీ దాటి కూడ ఆ సంగతి గుర్తించలేదు! కళ్ళకు గంతలు కట్టుకొని నడిచినవారు ఒక్కొక్కప్పుడు 20 మీటర్ల వ్యాసం గల వలయాలలోనే తిరిగారు.

దీనివలన తేలినదేమి? మానవుని శరీరంలో తిన్నని దారి చూపగల దిక్సూచి ఏదియు లేదు. సూర్యుడో, నక్షత్రమో, కొండకొమ్మో, బయటి గుర్తు ఒకటి అతనికి కావలెను. ఏ గుర్తూ కనబడని చోట తన స్థానాన్ని తెలుసుకొనుటకు మానవుడు పడిన పాట్ల చరిత్రలో చివరి అధ్యాయమే, నేడు అడవులలో నడిచేవారు, వేటగాండ్రు జేబులో వేసుకొని పోయే చిన్న జి.పి.ఎస్. యంత్రం. ఏ యంత్రం మంచిది అనే ప్రశ్నకు సమాధానం దాని చరిత్రలోనే ఉన్నది.

దిక్కు వేరు, స్థానం వేరు

అయస్కాంతపు సూది ఉత్తర దిక్కును చూపగలదు. కాని నీవు ఎక్కడ ఉన్నావు అనే ప్రశ్నకు అది సమాధానం చెప్పలేదు. నావికులు ధ్రువనక్షత్రం ఎత్తును కొలిచి అక్షాంశాన్ని తెలుసుకొనేవారు. రేఖాంశం మాత్రం చిరకాలం చిక్కు సమస్యగానే ఉండినది. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతున్నది. కాబట్టి బయలుదేరిన రేవులో ఇప్పుడు సమయమెంతో తెలిస్తే, ఓడ ఉన్న చోటి సమయంతో పోల్చి రేఖాంశాన్ని లెక్క కట్టవచ్చును. కాని నడిసముద్రంలో తప్పు చూపని గడియారం ఎక్కడిది? ఇంగ్లండులో జాన్ హారిసన్ అనే వడ్రంగి జీవితమంతా ఈ పనికే వినియోగించి, 1759లో తన నాలుగవ గడియారాన్ని పూర్తి చేశాడు. 1761లో ఓడమీద జమైకాకు పంపి దానిని పరీక్షించారు. సమస్య తీరినది.

హారిసన్ కథ నేర్పే సూత్రం ఒకటి ఉన్నది. స్థానం తెలియవలెనంటే కాలం తెలియవలెను. రెండు శతాబ్దాల తరువాత వచ్చిన ఉపగ్రహ యంత్రానికి కూడ ఇదే పునాది.

స్పుత్నిక్ పాడిన పాట

1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ యూనియను మొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపినది. అది భూమి చుట్టూ తిరుగుతూ రేడియోలో కీచుమని ధ్వని చేస్తూ ఉండెను. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రాన ఉన్న జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వారి అనువర్తిత భౌతికశాస్త్ర ప్రయోగశాలలో విలియం గయర్, జార్జి వైఫెన్‌బాక్ అనే ఇద్దరు యువశాస్త్రజ్ఞులు ఆ ధ్వనిని విన్నారు. రైలుబండి దగ్గరకు వచ్చేటప్పుడు దాని కూత హెచ్చు స్థాయిలోను, దాటిపోయేటప్పుడు తగ్గు స్థాయిలోను వినిపించుట మనమందరం ఎరిగినదే. దీనికే డాప్లర్ ఫలితమని పేరు. స్పుత్నిక్ సంకేతం పౌనఃపున్యం కూడ అదే విధంగా మారుతూ ఉండుటను వారు గమనించి, ఆ మార్పునుబట్టి ఉపగ్రహ కక్ష్యను లెక్క కట్టారు.

1958లో అదే ప్రయోగశాలలోని ఫ్రాంక్ మెక్‌క్లూర్ ఈ లెక్కను తలక్రిందులు చేశాడు. భూమిమీద మన స్థానం తెలిసినప్పుడు ఉపగ్రహం ఎక్కడ ఉన్నదో చెప్పగలిగితే, ఉపగ్రహ స్థానం తెలిసినప్పుడు మనం ఎక్కడ ఉన్నామో చెప్పలేమా? ఈ ప్రశ్ననుండి పుట్టినదే ట్రాన్సిట్ అనే నావికా ఉపగ్రహ వ్యవస్థ. 1964 నాటికి అమెరికా నౌకాదళం దీనిని వాడుకలోకి తెచ్చినది. 1967లో ఇతరులకు కూడ అనుమతి లభించినది. అయితే ఉపగ్రహం నెత్తిమీదుగా పోయేవరకు కాచుకొని ఉండవలెను. ఆ తరువాత కూడ కొన్ని నిమిషాలసేపు సంకేతం వినవలెను. నెమ్మదిగా సాగే ఓడకు ఇది చాలును. విమానానికిగాని, కొండ ఎక్కే మనిషికిగాని చాలదు.

ఆకాశంలో గడియారాలు

తరువాతి మెట్టు గడియారాలది. అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో రోజర్ ఈస్టన్ గడియారాలనే ఉపగ్రహాలలో పెట్టి పంపే పథకం నడిపాడు. ఆ వరుసలో మొదటి ఉపగ్రహం 1967లో పైకి పోయినది. వైమానికదళం వారి పథకం వేరొకటి నడుస్తుండెను. 1973లో బ్రాడ్‌ఫర్డ్ పార్కిన్‌సన్ నాయకత్వాన ఈ పథకాలలోని మేలి అంశాలను కలిపి ఒకే వ్యవస్థగా రూపొందించారు. అదే జి.పి.ఎస్. దాని మొదటి ఉపగ్రహం 1978 ఫిబ్రవరిలో కక్ష్యలో ప్రవేశించినది.

ఈ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, దాదాపు 12 గంటలకొక ప్రదక్షిణం చొప్పున తిరుగుతూ ఉంటవి. ప్రతి ఉపగ్రహంలోను పరమాణు గడియారాలు ఉన్నవి. తాను ఎక్కడ ఉన్నదీ, తన గడియారంలో సమయం ఎంత అయినదీ అది ఎడతెగక చాటుతూ ఉంటుంది. గ్రాహకం ఆ సంకేతం వచ్చుటకు పట్టిన కాలాన్ని కొలిచి, దానిని కాంతివేగంతో గుణించి, దూరం లెక్క కడుతుంది. ఉపగ్రహం సరిగా నెత్తిమీద ఉంటే ఈ కాలం ఒక సెకనులో పదిహేనవ వంతు మాత్రమే. ఒక మైక్రోసెకను పొరపాటు జరిగితే దూరంలో 300 మీటర్లు తేడా వస్తుంది!

అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, ఈ మూడింటిని కనుగొనుటకు మూడు ఉపగ్రహాలు చాలునుగదా అని విద్యార్థులకు తోచవచ్చును. కాని చేతిలోని యంత్రంలో పరమాణు గడియారం లేదు. ఉన్నది చవకరకం క్వార్ట్జు గడియారం. అది ఎంత తప్పుగా నడుస్తున్నదో ఆ విషయమే నాలుగవ అవ్యక్తరాశి. నాలుగు అవ్యక్తరాశులకు నాలుగు సమీకరణాలు కావలెను. కాబట్టి నాలుగు ఉపగ్రహాలు కనబడవలెను.

ఇక్కడ ఐన్‌స్టైన్ సిద్ధాంతం కూడ నిత్యవ్యవహారంలోకి దిగినది. భూమ్యాకర్షణ తక్కువగా ఉన్న ఎత్తులో గడియారం రోజుకు 45 మైక్రోసెకనులు ముందుకు పోతుంది. వేగంగా తిరుగుటవలన 7 మైక్రోసెకనులు వెనుకబడుతుంది. మిగిలిన 38 మైక్రోసెకనులను సరిదిద్దకుంటే, దూరాల లెక్కలో తప్పు రోజుకు 11 కిలోమీటర్ల చొప్పున పెరుగుతూ పోవును. భూమి సరియైన గోళం కాకపోవుటవలన దాని ఆకారాన్ని కూడ నిర్ణయించవలసి వచ్చినది. వర్జీనియా రాష్ట్రంలో డాల్‌గ్రెన్‌లోని నౌకాదళ కేంద్రంలో గ్లాడిస్ వెస్ట్ అనే గణితవేత్త ఈ విషయమై చేసిన గణనలు చాల విలువైనవి.

మోతబరువునుండి అరచేతిలోకి

ఈ వ్యవస్థ సైన్యం కోసం పుట్టినది. 1983 సెప్టెంబరు 1వ తేదీన దారి తప్పి సోవియట్ గగనతలంలో ప్రవేశించిన కొరియా ప్రయాణికుల విమానాన్ని సోవియట్ యుద్ధవిమానం కూల్చివేసినది. 269 మంది ప్రాణాలు కోల్పోయారు. విమాన చోదకులకు తమ స్థానం సరిగా తెలిసి ఉంటే ఈ ఘోరం జరిగేది కాదు. ఆ నెలలోనే అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం, జి.పి.ఎస్. పూర్తి అయిన పిమ్మట పౌరవిమానాలకు కూడ దానిని అందుబాటులో ఉంచగలమని ప్రకటించినది.

అప్పటికి గ్రాహకాలు చేతిలో పట్టేవి కావు. 1980ల మొదట్లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ అమ్మిన గ్రాహకం బరువు సుమారు 25 కిలోలు. ధర లక్ష డాలర్లకు పైమాటే. భూమిని కొలిచే సర్వేయర్లు తప్ప ఇతరులు దానిని కొనగలిగేవారు కారు. 1989లో మాగెల్లన్ సంస్థవారు నావ్ 1000 అనే యంత్రాన్ని విడుదల చేశారు. మార్కెట్టులోకి వచ్చిన మొదటి చేతి గ్రాహకం ఇదే. బరువు ముప్పాతిక కిలో కంటె తక్కువ. ధర సుమారు 3,000 డాలర్లు. బ్యాటరీలు కొన్ని గంటలు మాత్రమే పనిచేసేవి. ఆకాశంలో కావలసినన్ని ఉపగ్రహాలు అప్పటికి లేవు గనుక, రోజులో కొన్ని వేళలలోనే స్థానం తెలిసేది.

1990-91లో గల్ఫ్ యుద్ధం వచ్చినది. గుర్తులు లేని ఎడారిలో సైనికులకు ఈ యంత్రాలు ప్రాణాధారమైనవి. సైనికావసరాల కోసం చేసిన గ్రాహకాలు చాలక, అమెరికా సైన్యం బజారులో దొరికే గ్రాహకాలను వేలకొలది కొన్నది. యుద్ధానంతరం ఉత్పత్తి పెరిగి ధరలు తగ్గినవి. 1995లో 24 ఉపగ్రహాల వ్యవస్థ సంపూర్ణమైనదని ప్రకటించారు. 1990ల రెండవ భాగంలో గార్మిన్, మాగెల్లన్ సంస్థల చిన్న గ్రాహకాలు జింకల వేటకు పోయేవారికి, పర్వత పథికులకు అందుబాటులోకి వచ్చినవి. తొలి యంత్రాలు ఒకటి రెండు మార్గాలతో ఉపగ్రహాలను ఒకదాని తరువాత ఒకటిగా వినేవి. తరువాతివి 12 మార్గాలతో ఒకేసారి వినగలిగినవి. నడుస్తున్న మనిషికి ఇది గొప్ప సదుపాయం.

కావాలని కలిపిన తప్పు

ఒక చిత్రమైన అడ్డంకి మాత్రం మిగిలి ఉండెను. శత్రువులు వాడుకొంటారనే భయంతో, 1990నుండి అమెరికా ప్రభుత్వం పౌరుల సంకేతంలో కావాలని కొంత తప్పు కలుపుతూ వచ్చినది. దానివలన స్థానంలో 100 మీటర్ల వరకు తేడా వచ్చేది. పొదలలో దాచిన డేరాను, చీకటిపడిన తరువాత కారును వెదకుకొనేవానికి 100 మీటర్లు తక్కువ దూరం కాదు. అధ్యక్షుడు క్లింటన్ ఉత్తరువుతో 2000 మే నెల మొదటి రోజులలో ఈ తప్పును తొలగించారు. ఒక్క రాత్రిలో ప్రపంచంలోని గ్రాహకాలన్నీ దాదాపు పదిరెట్లు నిశితమైనవి! కొన్ని రోజులు గడవకముందే ఓరెగాన్ రాష్ట్రంలో ఒకరు అడవిలో చిన్న డబ్బా దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు ప్రకటించి, వెదకవలసినదని సవాలు చేశారు. నేడు దేశదేశాలలో ఆడుతున్న నిధి వేట క్రీడ అలా పుట్టినది.

చెట్ల నీడలో

మిగిలిన శత్రువు చెట్టు. ఉపగ్రహం పంపే సంకేతం భూమిని చేరేసరికి అతి బలహీనమవుతుంది. దాని శక్తి ఒక వాటులో కోటి కోట్ల భాగంలో నూరవ వంతు స్థాయిలో మాత్రమే ఉంటుంది. తడిసిన ఆకులు, లావుపాటి బోదెలు దానిని పీల్చివేస్తవి. కొండగోడలు దానిని పరావర్తనం చెందించి దొంగ దూరాలు చూపిస్తవి. పాత యంత్రాలు దట్టమైన చెట్ల కింద మూగబోయేవి. 2006 ప్రాంతంలో బలహీన సంకేతాలను కూడ పట్టగల కొత్త చిప్పులు చేతి గ్రాహకాలలోకి వచ్చినవి. 2011 ప్రాంతంలో రష్యావారి గ్లోనాస్ ఉపగ్రహాలను కూడ వినగల యంత్రాలు వచ్చినవి. తరువాత ఐరోపావారి గెలీలియో, చైనావారి బైడూ తోడైనవి. లోయలో నిలబడినవానికి ఆకాశంలో చిన్న ముక్క మాత్రమే కనబడుతుంది. ఆ ముక్కలో ఎన్ని ఉపగ్రహాలుంటే అంత మేలు.

ఎంపికలో గమనించవలసినవి

ఈ చరిత్రను అనుసరించి యంత్రాన్ని ఎన్నుకొనుట సులభం. మొదటిది, ఒకటి కంటె ఎక్కువ దేశాల ఉపగ్రహాలను వినగలగవలెను. రెండవది బ్యాటరీ. అమెరికాలో వేటకాలం చాలవరకు శరత్తులోను, చలికాలంలోను వస్తుంది. మామూలు ఆల్కలైన్ బ్యాటరీలు చలిలో త్వరగా నీరసిస్తవి. లిథియం బ్యాటరీలు నయం. అడవిలో విద్యుత్తు దొరకదు గనుక, జేబులో పెట్టుకొన్న కొత్త బ్యాటరీలతో తిరిగి పనిచేసే యంత్రం చాల దినాల ప్రయాణానికి మంచిది. మూడవది మీటలు. తడిచేతులతోను, చేతితొడుగులతోను తాకుడు తెర సరిగా పనిచేయదు; నొక్కే మీటలు పనిచేస్తవి.

నాలుగవది దిక్సూచి. ఉపగ్రహ సంకేతం స్థానాన్ని చెప్పునేగాని, నిలబడినవాని ముఖం ఎటు ఉన్నదో చెప్పదు. నాలుగడుగులు వేసినప్పుడే యంత్రం దిక్కు గ్రహించగలదు. కనుక లోపల అయస్కాంత దిక్సూచి కూడ ఉన్న యంత్రం మేలు. ఎత్తు విషయంలోను ఇటువంటి చిక్కే ఉన్నది. ఉపగ్రహాలన్నీ మనకు పైనే ఉండి, కింద ఒకటియు లేకపోవుటవలన, ఎత్తు లెక్క అంత సరిగా రాదు. వాయుభారమాపకం ఉంటే పర్వతారోహకునికి ఉపయోగం. అయితే వాతావరణం మారినప్పుడు అదియు తప్పుతుంది గనుక, తెలిసిన ఎత్తులో సరిచూచుకొనవలెను.

ఐదవది పటం. 2000 తరువాతి సంవత్సరాలలో ఎత్తు రేఖల పటాలు యంత్రంలోనే ఇమిడినవి. అమెరికా పడమటి రాష్ట్రాలలో ప్రభుత్వ భూములు, సొంత భూములు గళ్ళుగళ్ళుగా కలిసి ఉంటవి. ఎవరి భూమిలో అడుగుపెట్టినదీ తెలియక వేటగాడు నేరస్థుడు కావచ్చును. అందుచేత భూముల హద్దులు చూపే పటాలకు అక్కడ గిరాకీ వచ్చినది.

నేటి చేతి ఫోనులో కూడ గ్రాహకం ఉన్నది. టవరు అందని చోట సైతం అది ఉపగ్రహాలను వినగలదు. పటాన్ని మాత్రం ముందుగానే దింపుకొని ఉండవలెను. ఒక పూట నడకకు అది చాలవచ్చును. చాల దినాల నడకకు, వానకు, చలికి వేరుగా గ్రాహకం ఉంటే ధైర్యం.

వినే యంత్రం, పలికే యంత్రం

సామాన్యులలో ఒక అపోహ ఉన్నది. జి.పి.ఎస్. చేతిలో ఉంటే మనం ఎక్కడ ఉన్నామో ఉపగ్రహానికి తెలుస్తుందని వారు అనుకొంటారు. ఇది పొరపాటు. గ్రాహకం రేడియోపెట్టె వంటిది, వినగలదేగాని పలుకలేదు. కాలు విరిగి పడినవానికి తన స్థానం అణుమాత్రం తప్పు లేకుండా తెలిసినా, ఇతరులకు తెలియదు. ఈ లోటు తీర్చుటకే ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరాలు వచ్చినవి.

2013 జూలైలో అమెరికాలోని అప్పలేచియన్ కాలిబాటపై మెయిన్ రాష్ట్రంలో నడుస్తున్న ఒక పథికురాలు కొద్దిదూరం దారి విడిచి, తిరిగి దారి కనుగొనలేకపోయినది. ఫోనులో రాసిన సందేశాలు టవరు లేక ఎవరికీ చేరలేదు. ఉపగ్రహ సందేశ పరికరం ఆమెకు ఉండినది. కాని ఆ రోజున వెంట తీసుకొనిపోలేదు. విస్తృతంగా వెదకినను ఆమె దొరకలేదు. మూడు వారాలకు పైగా ఆమె జీవించి ఉన్నట్లు ఆమె రాసుకొన్న పుస్తకంవలన తరువాత తెలిసినది. 2015లో అవశేషాలు లభించినవి. ఇంటిలోనో, బసలోనో ఉన్న యంత్రం ఎంత గొప్పదైనా దారి చూపదు. ఎంపికలో చివరి సూత్రం ఇదే: వెంట ఉంచుకొనగలిగినదే, వాడుట అభ్యాసమైనదే మంచి యంత్రం.

స్థానాన్ని ఇతరులకు చెప్పుటలోను జాగ్రత్త అవసరం. తెరమీద 17 డిగ్రీల 25.50 నిమిషాలు అని ఉన్నదనుకొందాము. దానిని 17 డిగ్రీల 25 నిమిషాల 50 సెకనులుగా చదివితే ఎంత తప్పు? అర నిమిషమనగా 30 సెకనులు; తేడా 20 సెకనులు. అక్షాంశంలో ఒక సెకను సుమారు 31 మీటర్లు. కనుక వెదకేవారు 600 మీటర్లకు పైగా దూరాన వెదుకుతారు! ఈ లెక్కను తరగతిలో విద్యార్థులచేత చేయించవచ్చును. పాత పటాలకు, ఉపగ్రహ వ్యవస్థకు ఆధారమైన భూగోళ నమూనాలు వేరు కావుటవలన కూడ ఇటువంటి తేడా వస్తుంది. భారతీయ సర్వే శాఖవారి పాత పటాలు ఎవరెస్టు పేరిట ఉన్న నమూనాపై గీసినవి. 2005 జాతీయ పటాల విధానం తరువాత ప్రజలకిచ్చే పటాలు జి.పి.ఎస్. వాడే నమూనాపైననే తయారైనవి.

మన దేశంలో

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వినోదం కోసం వేటాడుట నేరం. ఇక్కడ ఈ యంత్రం వన్యమృగాలను కాపాడేవారి చేతిలో పనిచేస్తున్నది. నల్లమలలో కృష్ణానదికి ఒకవైపున నాగార్జునసాగర్-శ్రీశైలం, రెండవవైపున అమ్రాబాద్ పులుల అభయారణ్యాలు ఉన్నవి. పులుల గణనలో సిబ్బంది నడిచిన దారులు, కనిపించిన అడుగుజాడలు ఉపగ్రహ స్థానాలతో సహా నమోదవుతవి. ఉపగ్రహం ద్వారా పలికే ఫోనులు, సందేశ పరికరాలు మాత్రం మన దేశంలో ప్రభుత్వానుమతి లేనిదే ఉంచుకొనరాదు. విదేశాలనుండి కొని తెచ్చేవారు ఈ సంగతి మరువరాదు.

స్థానాన్ని చెప్పే విద్యలో మన దేశం ఇతరులపై ఆధారపడక స్వంత ప్రయత్నం కూడ చేసినది. 2013 జూలై 1వ తేదీన శ్రీహరికోటనుండి ఆ వరుసలో మొదటి ఉపగ్రహం ఎగిరినది. 2016లో ఈ వ్యవస్థకు నావిక్ అని పేరు పెట్టారు. మొదట పంపిన ఉపగ్రహాలలో విదేశీ పరమాణు గడియారాలు కొన్ని చెడిపోయి ఇబ్బంది కలిగినది. 2023 మే 29వ తేదీన శ్రీహరికోటనుండే ఎగిరిన ఉపగ్రహంలో మన దేశంలో తయారైన రుబీడియం గడియారాన్ని పెట్టి పంపారు.

జాన్ హారిసన్ గడియారంనుండి ఈ గడియారం వరకు సూత్రం మారలేదు. కాలాన్ని సరిగా కొలిచినవారే స్థానాన్ని సరిగా చెప్పగలిగారు. అయినను యంత్రం బ్యాటరీ ఉన్నంతవరకే యంత్రం. అది ఆగిపోయిన క్షణాన అడవిలో మిగిలేది కాగితపు పటం, అయస్కాంతపు సూది, వాటిని చదువగల తెలివి. సూర్యుడు ఏ వేళ ఎటు ఉండునో, ధ్రువనక్షత్రాన్ని ఎట్లు గుర్తించవలెనో నేర్చిన విద్యార్థి వలయాలు చుట్టడు. ఇంటినుండి బయలుదేరేముందు ఎటు పోతున్నదీ, ఎప్పుడు తిరిగివచ్చేదీ ఒకరికి చెప్పిపోవుట ఏ ఉపగ్రహమూ చేయలేని మేలు.